ప్రచార సాధనములలో స్త్రీ: దేవరుప్పులలో జరిగిన ఒక చర్చ

తెలుగు వ్యాకరణము చదువుకొన్న విద్యార్థులకు మహత్తు, అమహత్తు అను విభాగము తెలియనిది కాదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి దీనిని సూత్రబద్ధము చేసినాడు. పురుషులను చెప్పు పదములు మహత్తులు, తక్కినవి అమహత్తులు. "రాముడు వచ్చినాడు" అందుము. "సీత వచ్చినది" అందుము. "ఆవు వచ్చినది", "బండి వచ్చినది" అని కూడ అందుము. సీతకును ఆవునకును బండికిని క్రియ ఒక్కటే. అయితే సీతతో మరి ఇద్దరు స్త్రీలు కలిసి వచ్చినచో "వచ్చినారు" అందుము. ఆవులు ఎన్ని కలిసినను "వచ్చినవి" అనియే అందుము. ఒంటరియైన స్త్రీ వస్తువులతో చేరును. పదుగురైనప్పుడు మనుష్యులతో చేరును. ఇది భాష నడచిన తీరే గాని సూరిగారి దోషము కాదు. ఉర్దూలో స్త్రీకి వాడు "ఔరత్" అను మాటకు మూలమైన అరబీ శబ్దమునకు కప్పి ఉంచదగినది అని అర్థము. ఒక భాష ఆమెను వస్తువుల వరుసలో నిలిపినది. మరియొక భాష దాచవలసిన వాటిలో చేర్చినది. మా ఇరువురిలో ఒకరము తెలుగు, మరొకరము ఉర్దూ బోధించువారము. ఈ మాట మా స్టాఫు గదిలో చాల నాళ్ళ క్రిందనే నవ్వులాటగా వచ్చినది. అది నవ్వులాట కాదని గత వార్షికోత్సవము తరువాత తెలిసినది.

ఆనాడు వేదికపై ఎనిమిదిమంది విద్యార్థినులు కలిసి నృత్యము చేసినారు. ప్రేక్షకులలో ఎవరో దానిని సెల్‌ఫోనులో పట్టి, అందులో ఒక్క బాలికను మాత్రమే దగ్గరగా చూపు పది పన్నెండు సెకండ్ల ముక్కను కత్తిరించి, వేరొక పాట తగిలించి పంచినారు. దాని క్రింద వ్రాసిన మాటలను ఇక్కడ చెప్పము. ఆ బాలిక మూడు వారములు కళాశాలకు రాలేదు. ఎనమండుగురిగా ఆడినప్పుడు వారు మనుష్యులు. ఒక్కతెను విడదీసి చూపినంతనే ఆమె వస్తువైనది. మా వ్యాకరణ పాఠము ఇంత క్రూరముగా రుజువగునని మేము అనుకోలేదు.

ఇకమీదట ఆడపిల్లల నృత్యము వేదికపై ఉండరాదని కమిటీలో కొందరు పెద్దలు ప్రతిపాదించినారు. వారి సదుద్దేశమును మేము శంకింపము. కాని నిర్ణయము చేయుటకు పూర్వము ఆ పిల్లల తల్లులను, వారి ఊళ్ళ స్త్రీలను అడుగవలెనని మనవి చేసి గడువు కోరినాము. మా విద్యార్థినులలో పలువురు దేవరుప్పుల పరిసరముల వారు. కూలికి, వంటకు, బడికి మధ్య తల్లులకు కళాశాలకు వచ్చు తీరిక ఉండదు. కనుక ఒక ఆదివారము మేమే దేవరుప్పుల పోయినాము.

జనగామ నుండి సూర్యాపేట పోవు దారిలో ఉన్న ఈ ప్రాంతమునకు చరిత్రలో చోటున్నది. విసునూరు దేశముఖునకు ఎదురు నిలిచి న్యాయస్థానమున గెలిచి, ఆ గెలుపు కారణముగానే 1941లో హతుడైన షేక్ బందగీ సమాధి కామారెడ్డిగూడెము వద్ద దారి ప్రక్కనే ఉన్నది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఈ మండలములోనిదే. తన పంటను దేశముఖు మనుషులకు విడువని చాకలి ఐలమ్మ పాలకుర్తి ఇక్కడికి దూరము కాదు. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన వారు 1986లో ప్రకటించిన "మనకు తెలియని మన చరిత్ర" అను గ్రంథమున ఐలమ్మ, మల్లు స్వరాజ్యము, జమాలున్నిసా బాజీ, రజియా బేగము మున్నగువారు తమ కథను తామే చెప్పుకొన్నారు. సాయుధ పోరాటములో పాల్గొన్న స్త్రీలను అంతవరకు ఇతరులే వర్ణించినారు; ఆ పుస్తకములో వారు ఉత్తమ పురుషలో మాటలాడినారు. మతము వేరైన స్త్రీలు ఒకే అట్టల నడుమ కూర్చున్న ఆ పుస్తకమును మేము వెంట తీసికొనిపోయినాము. దానిని తెరువవలసిన అవసరము మాత్రము కలుగలేదు.

మొత్తము పదకొండుమంది స్త్రీలు వచ్చినారు. హిందువులు, ముస్లిములు, ఒక క్రైస్తవ నర్సమ్మ, తండా నుండి ఇద్దరు. మొదట ఎవరును నోరు మెదపలేదు. పెద్ద మాటలతో ఆరంభించుట మా తప్పే. అప్పుడు మేము తీసికొనిపోయిన పాత వార్తాపత్రికలను చాపమీద పరచినాము. వానిలో ఒక సిమెంటు ప్రకటన. అందులో చీర కట్టిన అందమైన యువతి గోడ నానుకొని నవ్వుచున్నది. దానిని చూచి, భవన నిర్మాణములో కూలి చేయు ఒక తల్లి అన్న మాట ఇది: "సిమెంటు తట్టలు మోసెటిది మేమే గదా మేడం. మరి మా ఫోటో ఎందుకెయ్యరు?"

అందరును నవ్వినారు. నవ్వు ఆగిన పిమ్మట చర్చ దానంతటదే నడచినది. ఈ ప్రశ్నలో సగము విషయమున్నది. శరీరమును చూపుట ఒక్కటే దోషమనుకొన్నచో ఆ ప్రకటనలో దోషము లేదు. ఆ యువతి నిండుగానే చీర కట్టుకొన్నది. ఆమెకు అక్కడ పని లేదు, మాట లేదు, పేరు లేదు. చూచువాని కన్ను పేజీమీద ఆగుటకు పెట్టిన మేకు ఆమె. సిమెంటుతో నిజముగా సంబంధమున్న స్త్రీ కంటికి కనబడదు. ఒకతెను చూపుటయు, మరియొకతెను చూపకపోవుటయు ఒకే పనికి రెండు కొసలు.

వచ్చినవారిలో పెద్దావిడ ఒకరు అంతవరకు ఆకులు నములుచు కూర్చున్నారు. ఆమె ఆడబాపల మాట ఎత్తినారు. నేటి విద్యార్థులకు ఈ పదము తెలియకపోవచ్చును. నిజాము పాలనలో దేశముఖుల గడీలలో ఆడబాపలు ఉండెడివారు. దొర కూతురు అత్తవారింటికి పోవునపుడు బిందెలతో, మంచములతో పాటు పేదింటి ఆడపిల్లలను కూడ వెంట పంపెడివారు. వారికి వివాహము లేదు; ఆ ఇంటి పురుషులు ఏమి చేసినను అడుగు దిక్కు లేదు. "మా అమ్మమ్మ చెప్పేది బిడ్డా, దొరసాని కాళ్ళు కడిగేటిది, తుడిచేటిది ఆడబాపనే అని. గడీల సామానుల లెక్క రాసేటప్పుడు గామెను గూడ రాసెటోళ్ళట" అని ఆమె అన్నారు. ఆ లెక్క మాట ఎంతవరకు అక్షరాల నిజమో మేము తేల్చి చెప్పము. కాని స్త్రీని వస్తువుగా చూచుట సినిమాతోనో సెల్‌ఫోనుతోనో పుట్టలేదని ఆ ఒక్క మాటతో తేలినది. కడవెండి గడీలో పెత్తనము చేసిన దొరసాని జానమ్మ కూడ స్త్రీయే అను సంగతిని మరొకరు జ్ఞాపకము చేసినారు. ఆమె పేరు చెప్పగానే గదిలో కొంత మౌనము.

కాళ్ళు కడుగు మాట రాగానే సంభాషణ రామప్పకు పోయినది. 2025 మే 7 నుండి 31 వరకు ప్రపంచ సుందరి పోటీలు మన తెలంగాణలో జరిగినవి. మే 14న కొందరు పోటీదారులను ఓరుగల్లుకును, ములుగు జిల్లాలోని రామప్ప దేవాలయమునకును తీసికొనిపోయినారు. ఆలయ ప్రవేశమునకు ముందు స్థానిక స్త్రీలు వారి పాదములపై నీళ్ళు పోయుట, తువ్వాలతో తుడుచుట దూరదర్శనములోను సెల్‌ఫోనులలోను రాష్ట్రమంతయు చూచినది. ఇది అతిథి మర్యాద అని కొందరును, అవమానమని కొందరును వాదించినారు. మా చర్చలోను ఏకాభిప్రాయము లేదు. "గుడికి వోయేటప్పుడు కాళ్ళు కడుక్కుంటరు, అండ్ల తప్పేంది?" అని ఒకరు. "కడుక్కునుడు వేరు, కడిగిచ్చుకునుడు వేరు" అని పెద్దావిడ. నర్సమ్మ, యేసు తన శిష్యుల పాదములు తానే కడిగిన కథను చెప్పి, "అక్కడ గురువు వంగినాడు. ఇక్కడ ఎవరు వంగినారో చూడండి అక్కా" అన్నారు. దీనికి ఎవరును బదులు చెప్పలేదు.

మాకు తోచినదేమనగా, ఆ దృశ్యములో ఇరువైపుల స్త్రీలే వస్తువులైనారు. కడిగించుకొన్నవారు అందముగా చూపబడుటకు వచ్చినవారు. కడిగినవారు సంప్రదాయముగా చూపబడుటకు వచ్చినవారు. ఇద్దరి నడుమ కెమెరా ఉన్నది. ఆ పోటీలకు వచ్చిన ఇంగ్లండు యువతి మిల్లా మాగీ నడుమనే వెడలిపోయి, ధనికులైన అతిథుల వినోదమునకు తమను కూర్చుండబెట్టినట్లు తోచినదని ఒక ఆంగ్ల పత్రికకు చెప్పినది. నిర్వాహకులు ఆ మాటను ఖండించినారు.

ఇక్కడ ఒక యువతి మంచి ప్రశ్న వేసినది. రామప్ప గుడిమీద ఉన్నవి కూడ ఆడవారి బొమ్మలే గదా, వాటిని అందమందుము, గోడ పోస్టరును తప్పందుము, ఎట్లు? 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ ఆలయపు మదనికలను 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన తరువాత మరింతమంది చూచుచున్నారు. 1986 నాటి చట్టము కూడ ప్రాచీన కట్టడములలోని శిల్పములకు మినహాయింపు ఇచ్చినది. మేము ఇచ్చిన సమాధానము మాకే పూర్తిగా తృప్తి కలిగింపలేదు. మదనిక దేనినీ అమ్ముట లేదని, ఆమె నృత్యభంగిమలో తన విద్య కనబడునని చెప్పినాము. "ఆ రాయి చెక్కెటప్పుడు ఎదురుంగ నిలవడ్డ ఆమెను అడిగిండ్రా?" అని ఆ యువతి మరల అడిగినది. చరిత్ర శాఖ వారు ఎవరైన వచ్చే సంచికలో దీనికి బదులు వ్రాసినచో సంతోషింతుము.

అందాల పోటీల చరిత్రను క్లుప్తముగా చెప్పినాము. ప్రపంచ సుందరి పోటీ 1951లో లండనులో ఎరిక్ మోర్లీ ఆరంభించినది. 1970లో అదే నగరమున స్త్రీ విమోచనవాదులు సభ నడుచుచుండగానే ఆటంకపరచినారు. ఆ ఏడు కిరీటము గ్రెనడా యువతి జెన్నిఫర్ హోస్టెన్‌కు దక్కినది. నల్లజాతి స్త్రీకి ఆ కిరీటము వచ్చుట అదే మొదలు కనుక, దానిని జయముగా తలచినవారును ఉన్నారు. 1996 నవంబరులో బెంగుళూరున జరిగినప్పుడు కమ్యూనిస్టు సంఘములు, రైతు సంఘములు, సంస్కృతి పరిరక్షకులు అందరును వ్యతిరేకించినారు. ఈత దుస్తుల భాగమును సీషెల్స్ దీవులకు తరలించినారు. మదురైలో ఒక యువకుడు నిప్పంటించుకొని మరణించినాడు. 1998లో చంద్రరాజకుమారి కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అందాల పోటీ స్వయముగా నేరము కాదని, మిక్కిలి అసభ్యమైనప్పుడు మాత్రము రాజ్యాంగము 21వ అధికరణము కాపాడు స్త్రీ గౌరవమునకు భంగకరమని చెప్పినది.

బెంగుళూరు కథనుండి మేము నేర్చినది ఒకటి. "వద్దు" అని అందరు అన్నను, కారణములు ఒక్కటి కావు. స్త్రీకి అవమానము జరుగుచున్నదని ఒకరు వద్దందురు. మన ఇంటి పరువు పోవుచున్నదని మరియొకరు వద్దందురు. రెండవ కారణములో స్త్రీ మరల ఇంటి సొత్తే. మా కమిటీ ముందున్న ప్రతిపాదనను ఈ గీటురాతిమీద పరీక్షింపవలెనని మా ఉద్దేశము.

పరదా ప్రసక్తి రాక తప్పలేదు. ఒళ్ళు కప్పుకొన్నచో ఈ బాధ ఉండదని ఒక తల్లి అన్నారు, ఆమె హిందువు. దానికి బదులు చెప్పినవారు బుర్ఖా ధరించి వచ్చిన ముస్లిము ఉపాధ్యాయురాలు. 2021 జూలైలో "సుల్లీ డీల్స్", 2022 జనవరి 1న "బుల్లీ బాయి" అను పేర్లతో ముస్లిము స్త్రీల ఫోటోలను అనుమతి లేకయే సేకరించి వేలమునకు పెట్టినట్లు కంప్యూటరులో చూపిన ఉదంతమును ఆమె వివరించినారు. నిజమైన అమ్మకము లేదు, అవమానించుటయే ఉద్దేశము. పాత్రికేయులు, న్యాయవాదులు, హైదరాబాదులో అరువది ఏండ్లు దాటిన ఒక సంఘసేవిక కూడ అందులో ఉన్నారు. వారిలో తల కప్పుకొన్నవారున్నారు, కప్పుకొననివారున్నారు. "బహన్, నా గుడ్డ నా ఇష్టము, నా ఇబాదత్. అది తాళము కాదు" అని ఆమె అన్నారు. "బుల్లీ బాయి" కేసులో పట్టుబడినవారిలో పలువురు ఇరువది ఏండ్లకు అటు ఇటుగా ఉన్న విద్యార్థులే. వారిలో ఒక యువతి కూడ కలదు. విద్యార్థులు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెనని మా కోరిక.

తండా నుండి వచ్చినవారి మాట వేరు. ఊరి జాతరలోను, సినిమాలోను లంబాడీ వేషము వేసి ఆడించుట పరిపాటి. "మా అమ్మ ఫేటియా, కాంచళి కట్టుకొని సంతకు వోతే ఫోటోలు దీసుకుంటరు. పేరు ఎవ్వరు అడగరు. గందుకే నేను చీరెకు మారిన" అని ఒక సోదరి అన్నది. తీజ్ పండుగకు మాత్రము తన కూతురికి ఆ దుస్తులే తొడుగునట. అక్కడ చూచువారు, ఆడువారు ఒకరే గనుక సిగ్గు లేదన్నది. బతుకమ్మ కూడ అట్టిదే గదా అని తక్కినవారు అందుకొన్నారు. బతుకమ్మ చుట్టు తిరుగునపుడు స్త్రీలు ఒకరి ముఖమొకరు చూతురు. వలయమునకు ముందు వెనుక లేవు. వేదిక కట్టి, ముందు కుర్చీలు వేసి, దీపములు పెట్టినప్పుడే ముందు వెనుకలు ఏర్పడును. ఇంతకంటె తేటగా ఏ పండితుడును మాకు ఈ భేదమును చెప్పియుండలేదు.

మతగ్రంథముల మాట మేము ఎత్తకూడదనుకొన్నాము. వారే ఎత్తినారు. ఖురానులో నూర్ అధ్యాయము 30వ వాక్యము చూపు దించుకొనుమని మొదట పురుషులకు చెప్పినదని, స్త్రీలకు చెప్పునది ఆ తరువాతి వాక్యమని ఉపాధ్యాయురాలు జ్ఞాపకము చేసినారు. ఊళ్ళో మాత్రము రెండవదే వినబడునట. మత్తయి సువార్త అయిదవ అధ్యాయమున తప్పు చూపులో ఉన్నదని, పెరికివేయవలసినది చూచిన కన్నే గాని చూడబడిన స్త్రీని కాదని నర్సమ్మ చెప్పినారు. నన్నయ సభాపర్వములోని ద్రౌపదిని మేము తలచినాము. తన్ను తాను ఓడిపోయిన వానికి భార్యను పణముగా ఒడ్డు హక్కు ఎక్కడిదని ఆమె నిండుసభను అడిగినది. చీరను లాగుటకు ముందే ఆమెను జూదములో వస్తువుగా పెట్టినారు; అవమానము అక్కడ ఆరంభమైనది. భీష్మాదులు ఆ ప్రశ్నకు సూటిగా బదులు చెప్పలేకపోయినారు. మూడు గ్రంథములు ఒక్కటేనని మేము చెప్పబోము. వాని మధ్య భేదములు పెద్దవి. కాని ఆ మధ్యాహ్నము దేవరుప్పులలో మూడింటి నుండి వచ్చిన మాట చూచువాని వైపునకే వేలు చూపినది.

ఇక చట్టము. స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టము 1986లో వచ్చి 1987 అక్టోబరు 2 నుండి అమలులోనికి వచ్చినది. అసభ్యతను మాత్రమే గాక స్త్రీని కించపరచు చిత్రణను కూడ అది నిర్వచనములో చేర్చినది. మొదటి నేరమునకు రెండేండ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. అది ప్రకటనలు, పుస్తకములు, కరపత్రముల కాలపు చట్టము. నేటి సాధనములకు విస్తరింపవలెనని 2012లో రాజ్యసభలో పెట్టిన సవరణ చట్టము కాలేదు. కంప్యూటరు, సెల్‌ఫోనుల ద్వారా అశ్లీలమును పంచుటను సమాచార సాంకేతిక చట్టము 67వ సెక్షను శిక్షించును. స్త్రీ మర్యాదను మాటతోనో చేష్టతోనో అవమానించుటకు భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షను కలదు. మన రాష్ట్రమున 2014 నుండి షీ టీములు పనిచేయుచున్నవి. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషను సినిమా పాటలలోని అసభ్య నృత్యభంగిమల విషయమై నిర్మాతలకు, దర్శకులకు సూచన పంపినది. 2015 నాటి యుజిసి నిబంధనల ప్రకారము ప్రతి కళాశాలలోను ఆంతరంగిక ఫిర్యాదుల కమిటీ ఉండవలెను. ఆ కమిటీ సభ్యుల పేర్లు మన నోటీసు బోర్డుమీద ఎక్కడ ఉన్నవో మూడు వారములు ఇంటనున్న ఆ బాలికకు తెలియదు. నిజము చెప్పవలెనన్న, మాలో ఒకరికి కూడ తెలియదు.

చర్చ చివర వాదము ముదిరినది. నా కూతురును ఇక వేదిక ఎక్కనీయనని ఒక తల్లి కంటనీరు పెట్టుకొన్నారు. ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. బిడ్డను కాపాడుకొను తల్లికి సిద్ధాంతము చెప్పుట తగదు. "ఫోను వట్టినోన్ని ఇంట్ల కూసోవెట్టక, ఆడినదాన్ని కూసోవెడితే ఎట్ల చెల్లే?" అని సిమెంటు తట్టలు మోయు ఆ తల్లియే ఆమె చేయి పట్టుకొని అడిగినది. ఇద్దరును ఒకరి మాటకు ఒకరు ఒప్పుకొనకయే లేచినారు.

ఆ బాలిక అంతసేపు తలుపు ప్రక్కన చాయ గ్లాసుల పళ్ళెముతో నిలిచియుండినది. ఆమెను ఎవరును అడుగలేదని మాకు వచ్చునపుడు స్ఫురించినది. అడిగినాము. వచ్చే ఏడు తాను ఆడునో ఆడదో ఇంకను తెలియదన్నది. ఆడినచో మాత్రము వలయముగా ఆడు నృత్యమే కావలెనట. ముందు వరుసలలో అమ్మలు కూర్చుండవలెనట. సెల్‌ఫోనులు గేటు వద్ద వాచ్‌మన్‌కు అప్పగింపవలెను, ప్రిన్సిపాలుగారిది కూడ. ఈ చివరి మాట చెప్పి నవ్వినది. మూడు కోరికలను తెలుగులోను ఉర్దూలోను వ్రాసి, పదకొండుమంది సంతకములు, వేలిముద్రలతో కమిటీ కార్యదర్శిగారికి అందజేసినాము. సంతకము చేసినవారిలో వేదిక వద్దన్న ఆ తల్లి కూడ ఉన్నారు.